యూరప్ ప్యాకేజీలో పస్సావ్: ఊరికి ఐదు స్టార్లు, ట్రావెల్స్ వాళ్లకి మూడే

శ్రీకాకుళం నుంచి పెద్దవాళ్లని తీసుకుని యూరప్ అంటే వీసా టెన్షన్ ఒకటి, తిండి టెన్షన్ ఒకటి. ఆ రెండింట్లో మా ట్రావెల్స్ వాళ్లకి వంక పెట్టలేను, కాగితాలన్నీ దగ్గరుండి చూశారు, రాత్రికి ఎక్కడున్నా అన్నం, పప్పు దొరికాయి. నా గొడవల్లా పస్సావ్ గురించే.

జర్మనీలో ఆస్ట్రియా సరిహద్దుని ఆనుకుని ఉంటుందీ ఊరు. మన సంగాంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసినట్టు ఇక్కడ డాన్యూబ్, ఇన్, ఇల్స్ కలుస్తాయి. ఆల్ప్స్ నుంచి వచ్చే ఇన్ నీళ్లు ఆకుపచ్చగా, అడవుల్లోంచి వచ్చే ఇల్స్ నీళ్లు నల్లగా ఉంటాయి. ఆ రంగులు బాగా తెలియాలంటే 1219లో మొదలుపెట్టిన కోట ఉంది, ఆ కొండెక్కి చూడాలి. మమ్మల్ని ఎక్కించలేదు, అడిగితే "టైం లేదండి" అన్నాడు గైడు. షాపింగుకి మాత్రం బోలెడు టైం!

టౌన్ హాల్ గోడ మీద ఏ ఏడాది వరద ఎంతవరకు వచ్చిందో గీతలు గీసి ఉంచారు. 2013 జూన్‌లో డాన్యూబ్ 12.89 మీటర్లకి లేచింది, 1501 తర్వాత మళ్లీ అంత వరద అదేనట. ఆ గీత మా నాన్నగారి తలకి చాలా పైన ఉంది. నాగావళి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి కదా, ఇంకెక్కడ ఫోటో అన్నా విసుక్కునే ఆయన అక్కడ మాత్రం తనే గోడకి ఆనుకుని నిలబడి "ఒరే, ఆ గీత కూడా పడాలి, కిందనుంచి తియ్యరా" అన్నారు.

1662 అగ్నిప్రమాదంలో ఊరు కాలిపోతే ఇటలీ నుంచి వచ్చిన పనివాళ్లు కట్టిన కేథడ్రల్ ఉంది, అందులో గొట్టాల్లోకి గాలి పంపి వాయించే ఆర్గన్ అనే వాద్యం, దానికి 17,974 గొట్టాలు. అంతటిదాన్ని వాయిస్తుంటే వినకుండా, తల పైకెత్తి చూసి బయటికొచ్చేశాం. పడవ షికారు పర్వాలేదు.

పాత వీధులన్నీ రాళ్లు పరిచినవే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెత్తటి బూట్లు తప్పనిసరి. ప్యాకేజీలో "పస్సావ్ – హాఫ్ డే" అని ఉంటే మాత్రం ఒప్పుకోకండి, ఒక రాత్రి బస, కోట, ఆర్గన్ కచేరీ ఉన్నాయో లేదో అడిగి, అడ్వాన్స్ కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.