మోడ్లు వాడేవాళ్లకు ఏది మేలు: కొత్త అప్‌డేటా, పాత వెర్షనా?

వందకు పైగా మోడ్లు (గేమ్‌ను మార్చడానికి అభిమానులు తయారుచేసే అదనపు ఫైళ్లు) పేర్చుకుని, సగం కథ ఆడేశాక, ఒకరోజు అప్‌డేట్ దానంతట అదే దిగిపోయి గేమ్ తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: సేవ్ మధ్యలో ఉంటే పాత వెర్షన్ వదలకండి.

అన్ని మోడ్లూ ఒకేలా దెబ్బతినవు. టెక్స్చర్లు (వస్తువుల పైపై బొమ్మలు), శబ్దాలు మార్చేవి చాలావరకు తట్టుకుంటాయి. చిక్కంతా డీఎల్‌ఎల్ మోడ్లతోనే, అంటే గేమ్ కోడ్‌లోకే నేరుగా దూరే వాటితోనే. స్కైరిమ్‌లో ఎస్‌కేఎస్‌ఈ అనే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (మోడ్లకు అదనపు శక్తినిచ్చే పనిముట్టు), దాని మీద నడిచే ప్లగిన్లు ఫలానా ఫంక్షన్ మెమరీలో ఫలానా చోట ఉందన్న లెక్కతో పనిచేస్తాయి, అప్‌డేట్ కోసం గేమ్ కోడ్‌ను మళ్లీ కంపైల్ చేస్తే ఆ చిరునామాలు మారిపోతాయి. 2021 నవంబరులో యానివర్సరీ ఎడిషన్‌తో అదే జరిగింది, ఆ తర్వాత కూడా చాలామంది ఏళ్ల తరబడి పాత 1.5.97 వెర్షన్ దగ్గరే ఆగిపోయారు. ఫాలౌట్ 4 సంగతి ఇంకా బాధ. 2024 ఏప్రిల్ 25న వచ్చిన అప్‌డేట్ వల్ల, అదే నెలలో రావాల్సిన ఫాలౌట్ లండన్ అనే భారీ మోడ్ జూలైకి వాయిదా పడింది, వచ్చాక కూడా గేమ్‌ను పాత వెర్షన్‌కు దించుకునే ఆడాల్సి వచ్చింది. ఏళ్లపాటు ఉచితంగా పనిచేసిన వాళ్లకు అది చిన్న దెబ్బ కాదు.

అలాగని ఆగిపోవడంలో నష్టం లేదా అంటే ఉంది. కొత్త మోడ్లు మెల్లగా కొత్త వెర్షన్‌కే వస్తాయి, పాతదాంట్లో బగ్ ఉందని చెప్తే రచయిత పట్టించుకోకపోవచ్చు, అందులో ఆయన్ని తప్పుపట్టలేం, ఒకే మోడ్‌ను రెండు వెర్షన్లకు నడపడం అంటే మాటలా! మైన్‌క్రాఫ్ట్‌లో 1.7.10, 1.12.2 వెర్షన్లంటూ మోడ్‌ప్యాక్‌లు (మోడ్ల కట్టలు) విడిపోయింది కూడా ఇలాగే.

స్టార్‌డ్యూ వ్యాలీ ఆడేవాళ్లయితే నిశ్చింతగా అప్‌డేట్ చేయొచ్చని నా నమ్మకం. 2024 మార్చిలో 1.6 వచ్చినప్పుడు లోపల చాలా మారింది, అయినా ఆ గేమ్‌లో మోడ్లను నడిపే స్మాపీ, పనిచేయని మోడ్లను తనే గుర్తించి ఆపేసి, ఏవి ఆగాయో చెప్తుంది కాబట్టి టెన్షన్ తక్కువ. అలాంటి ఏర్పాటు లేని గేమ్‌లో, కొత్తగా మొదలుపెడుతున్నా సరే, స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్‌తో పాటు మీరు వదులుకోలేని నాలుగైదు మోడ్లు కొత్త వెర్షన్‌కు వచ్చేదాకా ఆగండి.

ఆగాలనుకుంటే ఈరోజే స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి, గేమ్ తెరిచినప్పుడే అప్‌డేట్ అయ్యేలా పెట్టండి. స్కైరిమ్ లాంటివాటిని ఎస్‌కేఎస్‌ఈ లోడర్ నుంచే తెరవండి, స్టీమ్‌లో ప్లే నొక్కితే అప్‌డేట్ దిగిపోతుంది. గేమ్ ఫోల్డర్ మొత్తాన్నీ, చాలా గేమ్‌లలో వేరే చోట ఉండే సేవ్‌లనూ వేరే డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి పెట్టుకోండి.