అఫిడవిట్ పుట్టుక చూపించిన ఎటిమాన్‌లైన్

ఇంగ్లీషు మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పే ఆన్‌లైన్ నిఘంటువు ఇది. డగ్లస్ హార్పర్ అనే అమెరికా ఆయన మొదలుపెట్టారు. డబ్బు కట్టకుండానే చూసుకోవచ్చు.

పర్లాకిమిడి కోర్టు దగ్గర మాది టైపింగ్ షాపు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ కొడతాం. పేరు దిద్దుకోవాలన్నా, పుట్టిన తేదీ సరిచేయించుకోవాలన్నా జనం ముందు అఫిడవిట్ కోసమే వస్తారు. అందుకే మొదట ఆ మాటే వెతికాను.

లాటిన్‌లో అది పూర్తయిన క్రియ: ‘ప్రమాణం చేసి చెప్పాడు’ అని. లోపల ఉన్నది నమ్మకం అనే అర్థమున్న ఫిడెస్ కుటుంబమే. 1590ల్లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్‌కీ సంస్కృతానికీ మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో ‘భైద్’ అనే ధాతువు ఉంది. దానిమీద నొక్కితే ఫెయిత్, కాన్ఫిడెన్స్, ఫెడరల్, ఫియాన్సీ అన్నీ వరసగా వస్తాయి. పెళ్ళి కుదిరిన అమ్మాయికీ మా స్టాంపు కాగితానికీ చుట్టరికం ఉందని తెలిసి ఎంత సంతోషం వేసిందో! ఇప్పుడు వేలిముద్ర వేసే ముందు ఎవరైనా పెద్దాయన “ఇదేటి బాబూ?” అని అడిగితే, “మీరు ప్రమాణం చేసి చెప్పారని, తాతా” అంటున్నాను.

ధాతువు ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదు, పండితులు భాషల్ని పోల్చి కట్టారు అని దానర్థం. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అఫిడవిట్ చివరి పేరాలో మేమూ స్వయంగా తెలిసినవి వేరు, విని నమ్మినవి వేరు అని రాస్తాం కదా.

అటెస్ట్ కూడా చూడండి. దానిలోని లాటిన్ ‘టెస్టిస్’ అంటే సాక్షి. పక్కన నిలబడ్డ మూడో మనిషి అనే భావం నుంచి పుట్టిందంటారు.

వివరణలు ఇంగ్లీషులోనే, పొట్టిగా ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలకైతే పక్కన కూర్చుని విడమరిచి చెప్పాలి. అర్థం ఒక్కటే కావాలంటే మామూలు డిక్షనరీ చాలు.

లా చదివేవాళ్ళు, నోటరీల దగ్గర పనిచేసేవాళ్ళు మాత్రం తప్పకుండా ఫోన్‌లో పెట్టుకోండి. ఆ పని అయ్యాక బాండికూట్ అని కొట్టండి, మన పందికొక్కు కనిపిస్తుంది.