44 మాగ్నమా, 357 మాగ్నమా? పాత రివాల్వర్ కొనే అల్లుడికి చెప్పిన లెక్క

పొద్దున ఆరున్నరకు భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తుంటే డల్లాస్ నుంచి మా మేనల్లుడి ఫోన్. "మామా, మూడు రివాల్వర్లు చూసిన. మూడూ సెకండ్ హ్యాండే. ఫోటోలు పంపిన, ఏది తీస్కోవాల్నో చెప్పు" అన్నాడు.

నేను అరిజోనాలో పద్నాలుగేళ్లు పనిచేసి హనుమకొండకు తిరిగొచ్చినవాణ్ణి. అక్కడ ఉన్నన్నాళ్లూ శనివారాలు షూటింగ్ రేంజిలో గడిచేవి. మా చుట్టాల్లో ఈ సంగతి అడగడానికి ఇంకెవరూ లేరు కాబట్టి ఫోన్ నాకే వచ్చింది.

నేను మొదట అడిగింది తుపాకీ గురించి కాదు. "గ్రీన్ కార్డు చేతికొచ్చిందా?" అని. హెచ్-1బి మీదో, ఎఫ్-1 మీదో ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి కానీ, వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ను అడగాలి. రూమ్మేట్ తుపాకీని నాలుగు రోజులు మన అల్మారాలో దాచినా చిక్కే, వీసాకే ఎసరు. మావాడికి కార్డు వచ్చి ఏడాదైంది. ఇక మాట్లాడుకోవచ్చు.

వాడు చూసినవి ఇవి: స్మిత్ అండ్ వెసన్ 629, ఆరంగుళాల గొట్టం, 1990లలో చేసింది, 44 మాగ్నం. (44, 357 అనే అంకెలు గుండు లావును చెప్పేవి, మాగ్నం అంటే మందు ఎక్కువ దట్టించిన తూటా.) రూగర్ సూపర్ బ్లాక్‌హాక్, ఏడున్నర అంగుళాలు, అదీ 44 మాగ్నమే. మూడోది రూగర్ జీపీ100, నాలుగంగుళాలు, 357 మాగ్నం. మాటల మధ్యలో మెల్లగా "500 మాగ్నం కూడా ఒకటుంది మామా" అన్నాడు. అది 2003లో వచ్చింది. తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే సిలిండర్లో ఐదే తూటాలు, పొడుగు గొట్టంది అయితే రెండు కిలోల బరువు. ఈత రానివాడు మొదటి రోజే గోదావరి అడ్డం ఈదుతానన్నట్టుంది, వద్దన్నాను.

357 మాగ్నం 1935 నాటిది. 44 మాగ్నం 1955లో వచ్చింది. ఐడహోలో ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి, వేటగాడు, పాత 44 స్పెషల్ తూటాలో మందు దట్టించి కాల్చీ కాల్చీ, కంపెనీల వెంటపడి చేయించిన తూటా ఇది. మామూలు 357 గుండు పది గ్రాములుంటుంది, సెకనుకు 375 మీటర్ల దాకా పోతుంది. 44 గుండు పదిహేను గ్రాముల పైచిలుకు, వేగం 400 మీటర్లు దాటుతుంది. శక్తి లెక్క కడితే 357కు ఏడు వందల జౌళ్లు, 44కు పదమూడు వందలు. మన దగ్గర లైసెన్సు ఉన్నవాళ్లు పెట్టుకునే 32 రివాల్వర్ శక్తికి 44 శక్తి ఎనిమిది రెట్లు. ఆ తేడా అంతా అరచేతికి తెలుస్తుంది.

రెండింటిలోనూ ఒక సుఖం ఉంది. 357 రివాల్వర్లో 38 స్పెషల్, 44 మాగ్నంలో 44 స్పెషల్ తూటాలు కాల్చుకోవచ్చు. ఇవి పొట్టివి, మెత్తగా తంతాయి, అంటే పేలినప్పుడు చేతికొచ్చే ఎదురుదెబ్బ తక్కువ. కాకపోతే పొట్టి తూటాలు ఎక్కువ కాలిస్తే సిలిండర్‌లో తూటా కూర్చునే గదుల్లో మసి ఉంగరంలా పేరుకుంటుంది. శుభ్రం చేయకుండా మాగ్నం తోస్తే ఇరుక్కుంటుంది.

పాత తుపాకీ అనేసరికి నా అనుభవం చెప్పక తప్పదు. నేను మొదట కొన్నది 1980ల స్మిత్ అండ్ వెసన్ 29, ఒక దుకాణంలో. నల్లటి నిగనిగ చూసి పడిపోయాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాకు మూతి దగ్గరి కాయలు చూసి ఎవడూ ధర కట్టడు, అడుగు దాకా చెయ్యి పెడతాడు. ఆ మార్కెట్ పక్కనే పెరిగిన నేను ఆ పని చేయలేదు. మూడోసారి రేంజికి తీసుకుపోయినప్పుడు పక్కన నిలబడ్డ దోస్తు "అబ్బా" అని చెంప పట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి సన్నగా నెత్తురు. గోరు ముక్కంత సీసం పెచ్చు ఎగిరొచ్చి కోసింది. కళ్లద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. సిలిండర్ గది గొట్టానికి ఎదురుగా పూర్తిగా రాకముందే ఆగుతోంది. గుండు గొట్టం అంచుకు ఒరుసుకుని చెక్కుకుపోతోంది, ఆ పెచ్చులు పక్క సందులోంచి బయటికొస్తున్నాయి. దీన్నే టైమింగ్ పోవడం అంటారు. అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పలేదు. బాగు చేయించడానికి కొన్న ధరలో మూడో వంతు పోయింది.

అందుకే అల్లుడికి కౌంటర్ దగ్గర చేయాల్సిన పని మొత్తం చెప్పాను. అడిగి చేతిలోకి తీసుకో. ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడు. ఒక చేతి వేలితో సిలిండర్‌ను కొద్దిగా అదిమి పట్టి, బొటనవేలితో హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే వెనక సుత్తిని, నెమ్మదిగా వెనక్కి లాగు. హ్యామర్ చివరికొచ్చి ఆగేసరికి సిలిండర్ కూడా టక్‌మని తాళం పడాలి. ఆరు గదులకూ ఆరుసార్లు చెయ్యి. ఐదు బాగుండి ఒకటి బాగోలేకపోయినా వదిలెయ్యి. హ్యామర్ లాగి ఉన్నప్పుడు వెనకనుంచి బొటనవేలితో నెట్టి చూడు, జారి పడిందంటే లోపల ఎవడో అరగదీశాడు. సిలిండర్ పక్కలకు వెంట్రుకవాసి కదిలితే పరవాలేదు, ముందుకు వెనక్కి మాత్రం కదలకూడదు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోపుండాలి. మెకానిక్‌లు స్పార్క్ ప్లగ్గుకు పెట్టే గేజ్ రేకులతోనే కొలవచ్చు. ఫోన్ టార్చి వేసి గొట్టం వెనక మూతి చూడు, పగులు ఉండకూడదు. చివరగా స్క్రూలు. గాట్లు చెదిరి ఉన్నాయంటే ఇంట్లో ఎవరో విప్పి బిగించారని అర్థం.

ఇంతవరకూ చూస్తే మూడింటిలో ఏదైనా ఒకటే. అసలు తేడాలు తరువాతే.

వాడు పంపిన సూపర్ బ్లాక్‌హాక్ ఫోటోను జూమ్ చేసి చూశాను. పక్కన మూడు స్క్రూలు కనిపించాయి. అంటే 1973కు ముందు చేసింది. ఆ పాత రకాల్లో ఆరు గదులూ నింపి హ్యామర్ దించి ఉంచితే, కింద పడ్డప్పుడు పేలే ప్రమాదం ఉంది. ఐదే వేసి ఖాళీ గది మీద హ్యామర్ ఉంచాలి. కంపెనీ ఉచితంగానే లోపలి భాగాలు మార్చి ఇస్తుంది కానీ, పాతవి దాచుకునేవాళ్లు మార్పించరు. బలం మాటకొస్తే దీనికి తిరుగులేదు, ఏళ్ల తరబడి మాగ్నమే కాల్చినా మొరాయించదు. పని మాత్రం నిదానం. సిలిండర్ పక్కకు తెరుచుకోదు. చిన్న తలుపు తెరిచి ఒక్కో తూటా వేయాలి, కాల్చాక ఒక్కో ఖాళీ కేసు కడ్డీతో తోయాలి. ప్రతిసారీ హ్యామర్ చేత్తో లాగాల్సిందే. పేలినప్పుడు పిడి అరచేతిలో పైకి దొర్లుతుంది, ట్రిగ్గర్ చుట్టూ ఉండే చదరపు కడియం వెనక్కొచ్చి నడిమి వేలి కణుపు మీద కొడుతుంది. నా కణుపు మీద మచ్చ ఇంకా ఉంది.

629 అలా కాదు. ట్రిగ్గర్ నొక్కితే సరిపోతుంది, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, రబ్బరు పిడి వేస్తే తన్ను చాలా వరకు మింగేస్తుంది. స్మిత్ 44లకు ఒకప్పుడు చెడ్డపేరుండేది. బరువైన తూటాలు ఎక్కువ కాలిస్తే ఆ తన్నుకు సిలిండర్ తాళం ఊడి వెనక్కి తిరిగేది. 1980ల చివర్లో కంపెనీ లోపలి భాగాలు బలపరిచింది. వాడు చూసింది 1990లదే కాబట్టి ఆ భయం తక్కువ.

జీపీ100 మీద చెడు చెప్పడానికి ఏమీ లేదు, మొద్దు ఎద్దు లాంటిది. నిజానికి మొదటిసారి కొనేవాడికి అదే చెప్పాలి. కానీ సెకండ్ హ్యాండ్‌లో ఒక తిరకాసు ఉంది. 357ను జనం బాగా కాలుస్తారు, తూటాలు చవక, తన్ను తక్కువ. 44ను మోజుపడి కొంటారు, రెండుసార్లు కాలుస్తారు, చెయ్యి మంటపుట్టి బీరువాలో పెడతారు. అందుకే పాత 44లు చాలాసార్లు కొత్తవాటిలా దొరుకుతాయి.

కాల్చడం దగ్గర వీటన్నిటికన్నా పెద్ద చిక్కు బెదురు. నన్ను పట్టించింది రేంజిలో ఒక ముసలాయన. నేను చూడకుండా ఆరు గదుల్లో నాలుగు తూటాలు, రెండు ఖాళీ కేసులు కలిపి వేసి ఇచ్చాడు. రెండుసార్లు ఢామ్మంది. మూడోసారి హ్యామర్ ఖాళీ మీద టిక్‌మని పడింది, అంతలోనే నా చేతిలో గొట్టం నాలుగు వేళ్లు కిందికి వంగింది. పేలనే లేదు, నేను మాత్రం తన్నుకు ముందే బెదిరిపోయాను. అల్లుడికి నా షరతు ఇదే: మొదటి రెండు వందలూ 44 స్పెషల్, ఆ తర్వాత రోజుకు ఒక్క సిలిండర్ మాగ్నం. చెవుల్లో బిళ్లలు, వాటి మీద మఫ్‌లు, రెండూ. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం గురి వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. చిన్నగా తుస్సుమంటే మాత్రం ఇంకోటి కాల్చకూడదు, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు.

కాబట్టి నా ఓటు 629కు. ఇంట్లో భార్య కూడా కాలుస్తానంటే జీపీ100. సూపర్ బ్లాక్‌హాక్ అందమైనది, రెండో తుపాకీగా కొనుక్కో అన్నాను.

ఈ మాటలు కట్ట మీద గట్టిగానే నడిచాయి. నడిచేవాళ్లలో ఒక పెద్దాయన ఆగి "మనకాడ దొరుకుతదా సారూ?" అన్నాడు. దొరకడం అంత తేలిక కాదు. 1980ల నడుమ నుంచి ప్రైవేటు మనుషులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. పాతవి లైసెన్సు ఉన్నవాళ్ల మధ్యే లక్షల్లో చేతులు మారతాయి. 1959 ఆయుధాల చట్టం, 2019 సవరణ కలిపి చూస్తే ఒక మనిషికి రెండే తుపాకులు. తూటాల లెక్క లైసెన్సు పుస్తకంలో రాసి ఉంటుంది, రేంజికి పోయి డబ్బా ఖాళీ చేసే ఆట ఇక్కడ సాగదు. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాల్సి రావచ్చు. ఆయన వాళ్ల తాతకు నిజాం కాలంలో పన్నెండు బోరు తుపాకీ ఉండేదని, పాకాల అడవికి పోయేవాడని చెప్పుకుంటూ కట్ట దిగేదాకా వచ్చాడు.

మూడు వారాలకు అల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. 629నే తీసుకున్నాడు. స్క్రూలు, సందు, ఆరు గదులు, అన్నీ చూశాడట. పాత ఓనరు తూటాల డబ్బా కూడా దాంతోపాటే అమ్మేశాడట, యాభై తూటాల డబ్బా. "లెక్కబెట్టిన మామా. నలభై నాలుగున్నయ్."