మా బాబు బరువు కోసం గుంటూరు క్లినిక్‌కి తిరిగిన 5 నెలలు: ఒక తండ్రి రివ్యూ

మాది తెనాలి. కిరాణా కొట్టు నడుపుతాను. మా బాబుకి 9 ఏళ్ళు, నాలుగో తరగతి. జూన్‌లో యూనిఫాం కుట్టించడానికి తీసుకెళ్తే టైలర్ టేపు పెట్టి చూసి, "ఏడో తరగతి కొలత పెట్టాలండీ" అన్నాడు. దానికి నేను పెద్దగా కంగారు పడలేదు. మా ఇంట్లో అందరం పుష్టిగానే ఉంటాం. కంగారు పడింది వాడి మెడ చూసి. మెడ వెనక నల్లగా, మందంగా ఒక పట్టీలా ఉంది. అది మురికి అనుకుని మా అమ్మ రెండేళ్ళుగా ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి రుద్దుతోంది. వాడు మంట అని ఏడ్చినా వదిలేది కాదు.

మా వీధిలో ఉండే నర్సమ్మ అది చూసి, ఇది రుద్దితే పోయేది కాదు, పిల్లల డాక్టర్‌కి చూపించండి అంది. అలా గుంటూరు కొత్తపేటలో ఒక పిల్లల క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడ పిల్లల డాక్టరు, డైటీషియను కలిసి చూస్తారు. మొదటిసారి ఫీజు 600 రూపాయలు. ఆ తర్వాత మూడు నెలల ప్యాకేజీ, 6 సార్లు చూడటానికి 4,500. పరీక్షలకి వేరే. క్లినిక్ పేరు రాయడం లేదు. మంచీ చెడూ రెండూ చెప్పాలి, పైగా ఏ ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా అడగాల్సినవి ఇవే.

ముందు నాకు బాధ కలిగించింది చెప్తాను. అక్కడ బరువు చూసే మెషీన్ హాల్లో ఉంది, టోకెన్ల కౌంటర్ పక్కన. మా వాడిని ఎక్కించి, అక్కడున్న అబ్బాయి "నలభై ఒకటీ పాయింట్ రెండు" అని గట్టిగా చదివాడు. కుర్చీల్లో ముప్ఫై మంది ఉన్నారు. ఎవరో పిల్ల నవ్వింది. మా వాడు మెషీన్ దిగి నా చొక్కా పట్టుకున్నాడు, మరి డాక్టరు గదిలోకి వెళ్ళేదాకా వదల్లేదు. స్కూల్లో వాడిని ఏమని పిలుస్తారో నాకు తెలుసు. డబ్బు కట్టి తీసుకొచ్చిన చోట కూడా అదే జరిగిందే అని ఆ రోజు నాకు అన్నం సహించలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారితో చెప్పాను. ఆయన క్షమించమని అడిగి, లోపల గదిలోనే బరువు చూశారు. ఆ తర్వాత ఎప్పుడూ లోపలే. అయినా మేం అడిగితే గానీ మారలేదు, అది రాయాల్సిందే.

డాక్టరుగారు మాత్రం నిదానంగా చూశారు. ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 41.2 కిలోలు. ఎత్తుకి తగ్గ బరువు చూడటంలో పెద్దవాళ్ళ లెక్క పిల్లలకి పనికిరాదని చెప్పి, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (పిల్లల డాక్టర్ల సంఘం) వాళ్ళ 2015 చార్టు తీసి, వయసు దగ్గర చుక్క పెట్టి చూపించారు. అందులో రెండు గీతలు చూడమన్నారు. మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే ఊబకాయం. మా వాడి చుక్క రెండో గీత పైన పడింది. మెడ మీద నలుపు మురికి కాదని, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక ఎక్కువగా తయారవుతున్నప్పుడు చర్మం అలా అవుతుందని చెప్పారు. పక్కనే కూర్చున్న మా అమ్మ ఆ మాట విని వాడి మెడ మీద చెయ్యి వేసి, ఇంటికొచ్చేదాకా తియ్యలేదు.

"థైరాయిడ్ ఏమో సార్" అని నేను రెండుసార్లు అడిగాను. అదే అయితే బాగుండు అనిపించింది, ఒక మాత్రతో పోతుందని. ఆయన చెప్పిన మాట బాగా గుర్తుంది. హార్మోన్ల తేడా వల్ల లావయ్యే పిల్లలు సాధారణంగా ఎత్తు పెరగరట. వీడు వయసుకి తగ్గ ఎత్తు ఉన్నాడు కాబట్టి కారణం అక్కడ ఉండదన్నారు. పరీక్షల్లో అలాగే వచ్చింది. థైరాయిడ్ బాగుంది, షుగర్ లేదు, లివర్ రిపోర్టులో ఒక అంకె కొంచెం ఎక్కువ ఉంది.

అసలు ఈ క్లినిక్‌కి నేను మార్కులు వేసేది డైటీషియన్ మేడమ్‌కి. 45 నిమిషాలు మాట్లాడింది. అందులో మా వాడితో మాట్లాడింది పది నిమిషాలు కూడా లేదు, అదీ వాడికి ఏ ఆటలు ఇష్టమని. మిగతా అంతా మమ్మల్నే అడిగింది. నెలకి నూనె ఎన్ని లీటర్లు అవుతుంది? ఇంట్లో ఎంతమంది? రాత్రి ఎన్నింటికి తింటారు? అన్నం ఎవరు కలిపి పెడతారు? ఫోను చూస్తూ తింటాడా? బాబు స్కూలు నుంచి వచ్చాక రాత్రి దాకా ఎక్కడుంటాడు?

చివరి దానికి జవాబు "మా కొట్లోనండీ". నాలుగున్నరకి వస్తాడు, ఐదున్నరకి ట్యూషన్. ఆ గంటా నా పక్కనే స్టూలు మీద. ఆకలి మీద ఉంటాడు. తల మీద దండల్లా వేలాడే చిప్స్ ప్యాకెట్లు, కింద క్రీమ్ బిస్కెట్లు, ఫ్రిజ్‌లో మామిడి డ్రింకులు. ఒకటి చింపుకుంటే నేనెప్పుడూ ఏమీ అనలేదు. మా నాన్న కొట్లో నాకు బెల్లం ముక్క కూడా లెక్కపెట్టి ఇచ్చేవాడు. నా కొడుక్కి అలా ఉండకూడదనుకున్నాను.

ఆ మేడమ్ నన్ను తప్పుపట్టలేదు. గోడకి ఒక బోర్డు ఉంది, దాని మీద ఖాళీ ప్యాకెట్లు, ఒక్కోదాని కింద చిన్న కవర్లో అందులో ఉన్నంత పంచదార. సీబీఎస్ఈ వాళ్ళు 2025లో స్కూళ్ళలో పెట్టమన్నారే షుగర్ బోర్డులు, అలాంటిది. అందులో చిన్న మామిడి డ్రింకు కింద ఐదు చెంచాల పంచదార ఉంది. రోజూ నా చేతి మీదుగా అమ్మే సరుకు. వెనక రాసిన అంకెలు ఏనాడూ చదవలేదు. 100 మిల్లీలీటర్లకి ఎన్ని గ్రాములని రాసి ఉంటుంది, దాన్ని ప్యాకెట్ సైజుకి లెక్కకట్టి నాలుగుతో భాగిస్తే చెంచాలు వస్తాయి, అంతే. ఇప్పుడు నాకది నోటి లెక్క.

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పింది. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న పదార్థాలు స్కూలు గేటుకి 50 మీటర్ల లోపల పిల్లలకి అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2020లోనే నిబంధన తెచ్చిందట. ఇన్నేళ్ళలో నాతో ఈ మాట ఎవరూ అనలేదు. ఇంటికొచ్చి టేపు పట్టి కొలిచాను. మా కొట్టు గడప నుంచి స్కూలు గేటుకి 34 మీటర్లు.

చిప్స్ దండలు తీసేశాను. రోజుకి 300, 400 రూపాయల బేరం తగ్గింది, అది నిజం. వాటి చోట వేయించిన శనగలు, బఠాణీలు, వేరుశనగ గుళ్ళు చిన్న పొట్లాలు కట్టి పెట్టాను. సీజన్లో జామకాయలు. పోయిన బేరం అంతా తిరిగి రాలేదు. కానీ పక్కింటి పిల్లాడికి అమ్ముతూ నా కొడుకుని వద్దనడం నా వల్ల కాలేదు.

డైట్ చార్టు సంగతి. రిసెప్షన్‌లో ఇచ్చిన అచ్చు కాగితం ఇంగ్లీషులో ఉంది. ఓట్స్, బ్రోకలీ, ఆలివ్ ఆయిల్. మా ఆవిడ పదో తరగతి దాకా చదివింది, నేను ఇంటర్. బ్రోకలీ మా మార్కెట్లో దొరకదు. ఇది చాలామంది ఇళ్ళలో ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోతుందని నా అనుమానం. మేడమ్‌కి చెప్తే దాన్ని పక్కన పెట్టి, తెలుగులో చేత్తో రాసిచ్చింది. మా ఇంట్లో వండేవే. ఇడ్లీ అయితే మూడు, సాంబారు ఎక్కువ, పల్లీ చట్నీ ఒక్క చెంచా. అన్నం కంటే ముందు కూర పళ్ళెంలో పడాలి. పళ్ళెంలో సగం కూరలు, పళ్ళు ఉండాలని హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు బొమ్మ వేసి చెప్పారట, ఆ బొమ్మ చూపించింది. పప్పు రోజూ, గుడ్డు రోజుకొకటి, పెరుగు మామూలే. నాలుగున్నరకి మాత్రం గుగ్గిళ్ళో, ఉడకబెట్టిన పల్లీలో, ఒక పండో తప్పకుండా ఇవ్వాలి. ఆకలిని ఆపమనలేదు. నూనె ఐదుగురికి నెలకి 5 లీటర్లు వాడుతున్నాం, సగానికి తెమ్మంది. మూడు లీటర్ల దగ్గర ఉన్నాం. అంతకంటే తగ్గడం లేదు, ఆవకాయ ఉన్న ఇల్లు కదా.

మాకు అన్నిటికంటే కష్టమైంది ఇంకొకటి. ఎల్లిన్ శాటర్ అనే అమెరికా డైటీషియన్ చెప్పిన పద్ధతట. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ పని. ఎంత తినాలన్నది బిడ్డ పని. మా అమ్మకి ఇది ససేమిరా ఎక్కలేదు. "ఇంకొక్క ముద్ద, నా తండ్రి కదూ" అనడం ఆవిడకి ప్రేమ. పళ్ళెంలో అన్నం వదిలేస్తే లక్ష్మీదేవికి కోపం అంటుంది. మేడమ్ ఆవిడ చేతులు పట్టుకుని, "మామ్మగారూ, ముద్ద మీరే పెట్టండి. వాడు చాలన్నప్పుడు మాత్రం నమ్మండి. వదిలేస్తారని భయమైతే ముందే కొంచెం తక్కువ వడ్డించండి" అంది. మా అమ్మకి ఆ చివరి మాట నచ్చింది. ఇప్పుడు రెండు చిన్న గరిటెలు పెట్టి, అడిగితేనే మళ్ళీ పెడుతోంది. మొదటి నెల రోజూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బిడ్డ పస్తున్నాడంది. వాడు పస్తులేమీ లేడు.

డాక్టరుగారు బరువు తగ్గించమని ఎప్పుడూ అనలేదు. పెరగకుండా చూస్తే చాలు, ఎత్తు పెరిగే వయసు, చుక్క దానంతటదే కిందికి దిగుతుందన్నారు. రోజుకి గంట ఆట ఉండాలన్నారు. ట్యూషన్ ఆరున్నరకి మార్పించి, ఐదు నుంచి ఆరు దాకా కాలవ గట్టు మీద సైకిలు. నేనూ వెళ్తున్నాను, ఆ గంట మా ఆవిడ కొట్లో కూర్చుంటుంది. రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి వచ్చింది. ఫోను వంటింటి అలమారలో.

ఐదు నెలలకి ఎత్తు 136.5, బరువు 40.6. చుక్క ఇంకా రెండో గీతకి పైనే ఉంది, కానీ దగ్గరికి వచ్చింది. మెడ నలుపు కొంచెం పలచబడినట్టు నాకు అనిపిస్తోంది. దానికి ఇంకా చాలా టైం పడుతుందన్నారు. దసరాకి చుట్టాలింటికి వెళ్ళి వారం రోజులుంటే కిలో పెరిగాడు, మళ్ళీ నెల పట్టింది. అప్పుడు వాడి ముందు నేను కోప్పడ్డాను. అది నేను చెయ్యకూడని పని. డైటీషియన్ మేడమ్ ఫోన్లో పావుగంట మాట్లాడింది, దానికి డబ్బులు తీసుకోలేదు.

లోపాలు ఇంకా రెండున్నాయి. టైం ఇచ్చినా రెండు గంటలు కూర్చోబెడతారు. స్కూలు పోతుంది, కొట్టు పోతుంది. శనివారం అసలు వెళ్ళొద్దు, బుధవారం నయం. రెండోది, బిల్లు కట్టేచోట 1,150 రూపాయల ప్రోటీన్ పొడి డబ్బా తీసుకోమన్నారు. డాక్టరుగారు రాయలేదు కదా అంటే "అందరూ తీసుకుంటున్నారండీ" అన్నారు. తీసుకోలేదు. డాక్టరుగారిని అడిగితే అవసరం లేదన్నారు. చీటీలో ఉన్నవే కొనండి.

ఐదుకి నేను నాలుగు ఇస్తాను. ఆ ఒకటి హాల్లో ఉన్న మెషీన్‌కి తగ్గించాను. ప్యాకేజీ అయిపోయింది, ఇప్పుడు మూడు నెలలకి ఒకసారి 600 కట్టి చూపిస్తున్నాం. మీరు వెళ్తే ముందే చెప్పి బరువు లోపల చూడమనండి. మీ ఇంట్లో నెలకి వాడే నూనె, చక్కెర, బిస్కెట్ల లెక్క ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. నాయనమ్మో అమ్మమ్మో ఇంట్లో వడ్డించే మనిషి అయితే ఆవిడని కూడా తీసుకెళ్ళండి. మా అమ్మ రాకపోయి ఉంటే ఆ చేత్తో రాసిన కాగితం కూడా ఫ్రిజ్ మీదే ఉండిపోయేది.