ఆర్సెనిక్ నీరు: పైకి తోడి శుద్ధి చేయడమా, నేలలోనే బంధించడమా?

మూతబడిన పురుగుమందుల కర్మాగారం పక్కనో, కలపకు చెద పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించిన యార్డు కిందనో భూగర్భజలం పాడైతే ఏ పద్ధతి మేలని కోనసీమ, కాకినాడ వైపు పాఠకులు పదేపదే అడుగుతున్నారు. చేరవలసిన గీత ఏ పద్ధతికైనా ఒకటే: తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాములు.

తోడివేతను, అంటే నీటిని పైకి తోడి శుద్ధి చేయడాన్ని, తప్పుపట్టేవారి మాటలో నిజముంది. మట్టి రేణువులకు అంటుకున్న ఆర్సెనిక్ కొద్దికొద్దిగానే ఊడుతుంది కాబట్టి, మొదట చురుగ్గా తగ్గిన మోతాదు ఆ తర్వాత మొండికేస్తుంది. మోటారు ఆపితే మళ్లీ పెరుగుతుంది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఆర్సెనిక్ కలుపుమందులు తయారైన వైన్‌లాండ్ స్థలంలో 2000లో మొదలైన తోడివేత ఏళ్లకేళ్లు సాగింది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలోనైతే మంచినీటి పొర పలచన. మోటారు జోరు పెంచితే అడుగునున్న ఉప్పునీరు పైకి లేస్తుంది.

నేలలోనే బంధించడం చౌక, శుద్ధిలో మిగిలే విషపు బురద బెడద కూడా లేదు. బోర్ల ద్వారా గాలి కలిపిన నీటినో ఇనుప లవణాన్నో లోపలికి పంపితే, నీటిలో సులువుగా కదిలే ఆర్సెనైట్ అనే రూపం, గట్టిగా అంటుకునే ఆర్సెనేట్ రూపంగా మారి, అక్కడే ఏర్పడిన తుప్పుకు అంటుకుంటుంది. అయితే ఆ తుప్పు ఎంతకాలం తుప్పుగా నిలుస్తుందన్నదే, నా దృష్టిలో, మొత్తం వ్యవహారాన్ని తేల్చే ప్రశ్న. సార్వాకూ దాళ్వాకూ నీరు నిలిచే నేల మనది. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలాక నేలలో ఊట పైపైకి వస్తుంది. గాలి చొరని ఆ తడిలో ఒండ్రులోని కుళ్లిన ఆకూ అలమూ తినే సూక్ష్మజీవులు ప్రాణవాయువుకు బదులు తుప్పునే వాడుకోగా, అది కరిగి, పట్టుకున్న ఆర్సెనిక్‌ను వదిలేస్తుంది. గంగా డెల్టాలో గొట్టపుబావులు విషమవడానికి ప్రధాన కారణం ఇదే. దానికి ఏ కర్మాగారమూ అవసరం కాలేదు. పైగా చేలకు వేసే ఫాస్ఫేటు, తుప్పు మీద చోటుకోసం ఆర్సెనేట్‌తో పోటీపడి దాన్ని నెట్టేస్తుంది.

అందుకే నా మొగ్గు తోడివేత వైపే. కాకపోతే ముందు విషపు మట్టిని తవ్వి తీసేయాలి. ఒక పెద్ద బోరుకు బదులు లోతు తక్కువ బోర్లు నాలుగైదు వేసి నెమ్మదిగా తోడాలి. ఆర్సెనైట్ ఆర్సెనేట్‌గా మారేలా క్లోరిన్ పట్టించి, ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణం కలిపి వడగట్టాలి. మిగిలిన బురదను ప్రమాదకర వ్యర్థాల కోసం అనుమతి పొందిన చోటికే పంపాలి. వరి ఎరగని మెరక ఇసుక నేలైతే బంధించే పద్ధతికి నాకు అభ్యంతరం లేదు.

ఇక మిగతా పద్ధతులు. తనలోంచి పారే ఊటలోని ఆర్సెనిక్‌ను పట్టుకునేలా కందకంలో ఇనుప రజను నింపే గోడ, ఊట ఎప్పుడూ ఒకే వైపు పారేచోట పనికొస్తుంది. ఆర్సెనిక్‌ను పీల్చే ఫెర్న్ మొక్క పైమట్టికే. ఆర్‌ఓ యంత్రం ఇంటిని కాపాడుతుంది గానీ స్థలాన్ని కాదు.

ఏ గుత్తేదారు ఏ పద్ధతి చెప్పినా, నీటిలో కరిగిన ఇనుమునూ ప్రాణవాయువునూ వేసవిలో కాలువలు కట్టేసినప్పుడొకసారి, సార్వా చేలు నిండినప్పుడొకసారి కొలిపించండి. ఒక్క కాలపు లెక్కతో ఒప్పందం రాసుకోవద్దు.