అత్తరా, స్ప్రేనా, మిస్టా? నెల్లూరు ఉక్కపోతకు ఏది నిలుస్తుంది

సెంటు కొనాలనుకునే ఆడవాళ్ళకు నేను మొదట చెప్పే మాట ఒకటే. ఏసీ షాపులో వాసన చూసి అక్కడే డబ్బు కట్టెయ్యకండి. ముంజేతి మీద ఒకసారి కొట్టించుకుని బయటికి వచ్చెయ్యండి. ట్రంకు రోడ్డులో నాలుగు పనులు చూసుకోండి, చెమట పట్టనివ్వండి. మూడు గంటల తర్వాత ఆ చెయ్యి మళ్ళీ వాసన చూడండి. అప్పుడూ నచ్చితే వెనక్కి వెళ్ళి కొనండి.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. నేను రోజూ నెల్లూరు నుంచి కావలికి బస్సులో ఉద్యోగానికి వెళ్తాను. పోయిన ఏడాది ఎండల్లో ఒక షాపులో నిమ్మ, నారింజ వాసన గుప్పుమనే సీసా చూసి, ఇదే చల్లగా ఉంటుందని కొన్నాను. మర్నాడు పొద్దున నాలుగుసార్లు కొట్టుకుని బస్సెక్కాను. కోవూరు దాటేసరికి నిమ్మ వాసన లేదు. కావలిలో దిగేసరికి మెడ దగ్గర మిగిలింది మగ్గిపోయిన పండు లాంటి ఒక తీపి వాసన, దాని మీద చెమట. ఆ రోజంతా ఎవరి పక్కనా కూర్చోబుద్ధి కాలేదు.

తర్వాత అర్థమైంది. ఏ సెంటులోనైనా నిమ్మజాతి వాసనలు తేలికైనవి. అవి ముందు ఎగిరిపోతాయి. ఆ వెనక పూల వాసనలు వస్తాయి. గంధం, కస్తూరి, వెనిల్లా లాంటి బరువైనవి చివరిదాకా ఉంటాయి. షాపులో మనం చూసి మురిసిపోయేది ఆ మొదటి పది, పదిహేను నిమిషాల వాసన. రోజంతా మోయాల్సింది మాత్రం చివరి దాన్ని. ఒళ్ళు వేడిగా ఉంటే ఈ ఎగిరిపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. మన వైపు ఎండ ఒక్కటే కాదు, సముద్రం గాలి తెచ్చే ఉక్క కూడా ఉంది. చెమట పడుతుంది, ఆరదు. ఊరికే పట్టిన చెమటకు పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడే కంపు మొదలవుతుంది. దాని మీద ఎంత ఖరీదైన స్ప్రే కొట్టినా రెండూ కలిసి మూడో వాసన అవుతుంది.

అందుకే ఈ ఎండాకాలం ఒక్కో వారం ఒక్కో రకం వాడి చూశాను. అదే బస్సు, అదే పని, అవే కాటన్ డ్రెస్సులు.

అత్తరు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మతో రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు వెళ్ళాం. స్వర్ణాల చెరువులో రొట్టె అందుకుని తడి పాదాలతో బయటికి వస్తుంటే, అత్తరు అమ్మే పెద్దాయన ఒకరు చిన్న దూది ఉండను సీసాలో ముంచి అమ్మ మణికట్టుకు అద్దాడు. తర్వాత ఆ దూదినే నా చెవి మడతలో పెట్టాడు. రెండో రోజు తలంటు పోసుకున్నా చెవి దగ్గర ఆ వాసన పోలేదు. అన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఈ మార్చిలో 6 మిల్లీలీటర్ల వట్టివేరు అత్తరు కొన్నాను. సీసా నా బొటనవేలంత ఉంది.

మంచి అత్తరు ఎలా తయారవుతుందో తెలిస్తే అది ఎందుకు నిలుస్తుందో తెలుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ పెద్ద రాగి డేగిసాలో పూలు, నీళ్ళు వేసి, ఆవిరి పోకుండా మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి ఇంకో రాగి పాత్రలోకి దిగుతుంది. అందులో గంధపు నూనె సిద్ధంగా ఉంటుంది. వాసనను ఆ నూనె పట్టేసుకుంటుంది. ఆల్కహాల్ ఉండదు కాబట్టి పూసుకోగానే ఎగిరిపోయేది లేదు. ఒంటి వేడికి నెమ్మదిగా, కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది.

వట్టివేరు వేసవి అత్తరు. వెనకటి ఇళ్ళలో కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు, సరిగ్గా ఆ వాసనే. స్నానం చేసి ఒళ్ళు పూర్తిగా తుడుచుకున్నాక చెవుల వెనక చెరో చుక్క, మోచేతి మడతలో ఒక చుక్క రాసుకునేదాన్ని. బస్సులో పక్క సీటు ఆమెకు కూడా తెలియదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం మా ఆఫీసు అమ్మాయి దగ్గరికొచ్చి, "ఏందక్కా, ఈడ వట్టివేళ్ళు తడిపినట్టుండాదే?" అంది. రాసుకుని అప్పటికి ఆరు గంటలు గడిచాయి. నాకు కావలసింది అదే. దగ్గరికొచ్చిన వాళ్ళకు మాత్రమే తెలియాలి, సాయంత్రం దాకా ఉండాలి.

లోపాలు లేకపోలేదు. అత్తరు నూనె కాబట్టి బట్టకు తగిలితే మరక పడుతుంది. లేత రంగు చున్నీ ఒకటి అలాగే పాడు చేసుకున్నాను. పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. గంధపు నూనె ధర ఆకాశానికి పోయాక, బజారులో దొరికే చాలా అత్తర్లలో దాని బదులు లిక్విడ్ పారఫిన్ లాంటివి వాడుతున్నారు. ఒక కిలో గులాబీ నూనె తీయాలంటే 3,000 నుంచి 4,000 కిలోల రేకులు కావాలి. వంద రూపాయలకు చేతిలో పెట్టే గులాబీ అత్తరులో గులాబీ ఉండే వీల్లేదు. చర్మానికి పడితే అది వాడుకోవచ్చు, తప్పేం లేదు. కానీ అసలుదనుకుని అసలు ధర ఇవ్వకండి. ఇంకో మాట, ఊద్ (అగరు చెక్క అత్తరు), షమామా (మసాలా దినుసులు, మూలికల అత్తరు) లాంటివి చలికాలపు అత్తర్లు. మే నెలలో అవి పూసుకుంటే మనకే తల తిరుగుతుంది.

స్ప్రేలలో నేను వాడింది ఈడీపీ, అంటే సీసా మీద ‘ఓ ద పర్ఫ్యూమ్’ అని ఉండేది. సుగంధ తైలం ఇందులో సుమారు 15 నుంచి 20 శాతం, ఈడీటీలో (‘ఓ ద టాయ్‌లెట్’ అనే పలచటి రకం) 5 నుంచి 15 శాతం, బాడీ మిస్ట్‌లో 1 నుంచి 3 శాతం ఉంటుంది. మిగిలిందంతా చాలావరకు ఆల్కహాల్, నీళ్ళు. మన ఇళ్ళలో చాలామందికి కువైట్ నుంచి వచ్చే బంధువులు సూట్‌కేసులో తెచ్చిచ్చే బంగారు మూతల సీసాలు ఈ రకమే. వాటి ఘాటు ఏసీ గదులకు బాగుంటుంది. కిటికీలు తెరిచిన పల్లెవెలుగు బస్సులో, రోహిణి కార్తెలో, మూడు స్ప్రేలంటే ఎక్కువే. నేను రెండో రోజు మూడు కొట్టుకుని ఎక్కితే, ముందు సీటులో కడుపుతో ఉన్న అమ్మాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు చాలా బాధనిపించింది. ఆ మర్నాటి నుంచి ఒక్కటే, అది కూడా డ్రెస్సు లోపలి వైపు.

నిలవడంలో ఈడీపీకి వంక పెట్టలేం. స్నానం కాగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, దాని మీద కొడితే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, పొడిచర్మం వాసనను పట్టి ఉంచదు. మణికట్టు మీద కొట్టుకుని రెండు చేతులూ రుద్దుకునే అలవాటు మానండి, ఆ రాపిడికి మొదటి వాసన తొందరగా పోతుంది. మెడ మీద కొట్టుకుని ఎండలోకి మాత్రం వెళ్ళకండి. బెర్గమాట్ లాంటి నిమ్మజాతి నూనెలున్నవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కొందరికి నల్లటి మచ్చలు పడతాయి. అసలే మంగుతో బాధపడేవాళ్ళకు అదొక కొత్త టెన్షన్. పట్టుచీర జరీ మీద నేరుగా కొట్టకండి, వెంకటగిరి చీరైతే అసలే వద్దు. కట్టుకోకముందే ఒంటికి కొట్టుకుని ఆరనివ్వండి.

ఇప్పుడు కాలేజీ అమ్మాయిల బ్యాగుల్లో ఎక్కడ చూసినా బాడీ మిస్టే. పెద్ద సీసా, తక్కువ ధర అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 250 మిల్లీలీటర్ల మిస్ట్‌లో తైలం 2 శాతం అనుకుంటే 5 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్ల ఈడీపీలో తైలం 4.5 నుంచి 6 మిల్లీలీటర్లు. రెండు సీసాల్లోనూ ఉన్న సరుకు దాదాపు ఒకటే, ఎక్కువ ఇచ్చింది నీళ్ళూ ఆల్కహాలూ. ధర పోల్చేటప్పుడు సీసా సైజు కాదు, ఇది చూడాలి. అలాగని మిస్ట్ దండగ అనను. పొద్దున నెల్లూరు ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో వాకింగ్ అయ్యాక తడి టవలుతో మెడ, చేతులు తుడుచుకుని ఒకసారి కొట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. గంటలో పోతుంది, పోయినా ఫర్వాలేదు, ఇంటికెళ్ళి స్నానం చేస్తాం కదా. కావలి ప్రయాణానికి మాత్రం అది చాలదు.

చిన్న డబ్బాలో మైనంలా వచ్చే సాలిడ్ పెర్ఫ్యూమ్ కూడా ఒకటి తెప్పించాను. స్కూటీ డిక్కీలో పెట్టిన మధ్యాహ్నమే మెత్తబడి మూతకంతా అంటుకుంది. ఎండాకాలానికి నా లెక్కలో లేదు.

ఏది తీసుకున్నా మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి. చర్మానికి ఎలర్జీ తెచ్చేవాటిలో సెంట్లు ముందు వరసలో ఉంటాయి. సహజమైన నూనె అయినంత మాత్రాన పడుతుందని లేదు. లినలూల్, లిమొనీన్ అని అట్టపెట్టె మీద కనిపించే పదార్థాలు లావెండర్‌లోనూ నిమ్మతొక్కలోనూ సహజంగా ఉండేవే.

సాయంత్రం పెళ్ళికి తలలో మూరెడు మల్లెపూలు పెట్టుకున్న రోజున నేను స్ప్రే ముట్టను. మల్లెల ముందు ఏ సీసా పూల వాసనా ఆగదు, ఊరికే గొడవ పడుతుంది. గంధం అత్తరు ఒక చుక్క చాలు. రెండూ ఒక ఇంటి మనుషుల్లా కలిసిపోతాయి.

మార్చి నుంచి వానలు పడేదాకా పగటి ఉద్యోగానికి అత్తరుకే నా ఓటు. ఒక్కటే కొనగలం, ఏడాదంతా వాడాలి అంటే 30 మిల్లీలీటర్ల ఈడీపీ కొనుక్కోండి, చివరిదాకా నిలిచే వాసన గంధం గానీ వట్టివేరు గానీ అయినది చూసుకుని. నాది ఇప్పుడు బీరువాలో, వెలుతురు తగలకుండా, అట్టపెట్టెలోనే ఉంది. కార్తీకంలో బయటికి తీస్తాను. అప్పటిదాకా హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పులో వట్టివేరే.