కార్డు టోకెన్ పద్ధతి: వచ్చిన నాటి నుంచి వాడుతున్నవారి సమీక్ష

విజయవాడ పటమటలో ఉంటూ, అమ్మ మందుల నుంచి మిక్సీ జార్ వరకు చాలావాటిని ఆన్‌లైన్‌లోనే తెప్పించుకునే నేను, కార్డు టోకెన్ పద్ధతిని 2022 అక్టోబరులో అది అమలులోకి వచ్చినప్పటి నుంచీ వాడుతున్నాను. అంతకుముందు మనం కొన్న సైట్లు కార్డు నంబరును, గడువు తేదీని తమ దగ్గరే దాచుకునేవి. వాటిలో ఏ ఒక్కదాని భద్రత సడలినా మన కార్డు బయటపడినట్లే. రిజర్వు బ్యాంకు ఆ నిల్వను ఆపించింది. ఇప్పుడు మన సమ్మతి తీసుకుని, ఓటీపీ అడిగి, అసలు నంబరుకు బదులుగా ఒక టోకెన్, అంటే దాని స్థానంలో వాడే సంకేతం, తయారుచేస్తారు. అది ఆ సైటుకు మాత్రమే చెల్లుతుంది కాబట్టి దొంగల చేతికి చిక్కినా మరోచోట పనికిరాదు.

వాడకంలో నాకు దీనివల్ల పెద్దగా ఇబ్బంది కలగలేదు. కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు ప్రతి సైటులోనూ మళ్లీ సమ్మతి ఇవ్వవలసి రావడం కొంత విసుగే. అయితే నా బ్యాంకు యాప్‌లో ఏయే సైట్లలో టోకెన్ ఉందో జాబితా కనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి దుప్పట్లు కొని మరచిపోయిన దుకాణం పేరు అందులో చూసి, అక్కడికక్కడే తొలగించాను.

టోకెన్ కంటే నాకు ఎక్కువ ధైర్యమిచ్చినది అదే యాప్‌లో ఉన్న అంతర్జాతీయ లావాదేవీల మీట. విదేశీ సైట్లలో కొన్ని ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకోగలవు కనుక దాన్ని ఎప్పుడూ ఆపే ఉంచుతాను.

నా అసంతృప్తి అంతా ఫోన్ నంబరు గురించే. పార్సిల్ మీద అంటించే చీటీలో పేరు, డోర్ నంబరు, వీధి, ఫోన్ నంబరు అన్నీ స్పష్టంగా అచ్చయి ఉంటాయి. ఆ పెట్టె ఎన్నో చేతులు మారి మన గుమ్మం చేరుతుంది. ఒకసారి చీర కోసం ఆర్డరు పెట్టిన మర్నాడే ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ చీర పార్సిల్ బెంజి సర్కిల్ దగ్గర ఆగిపోయింది, అడ్రసు సరిచేయాలంటే లింకులో అయిదు రూపాయలు కట్టండి" అన్నాడు. నా పేరూ, కొన్న వస్తువూ అతనికి తెలుసు. లింకు తెరవకుండా అమ్మినవారిని అడిగితే, వివరాలు తమ నుంచి వెళ్లలేదన్నారు. కార్డు అసలు నంబరునే దాచగల టోకెన్ కూడా, కొన్నవారి చేతే ఆ నంబరు టైపు చేయించే ఇలాంటి మోసాన్ని ఆపలేదు.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి, బ్యాంకుకూ చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లోపు తెలిపితే నష్టం మన మీద పడదు. లింకులో మనమే వివరాలు ఇచ్చేస్తే మాత్రం, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం మనదే.

వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చీటీ మీద ఫోన్ నంబరు అచ్చు వేయకుండా, డెలివరీ చేసేవారి ఫోన్‌ను యాప్ ద్వారానే మనకు కలిపే ఏర్పాటును అమ్మకందార్లందరూ చేయాలని కోరుతున్నాను.